డౌడింగ్ లేని 1940 చరిత్ర: తెలుగులో యుద్ధచరిత్ర రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర రాస్తున్న రచయితలకు, అనువాదకులకు, ఆదివారం అనుబంధాల సంపాదకులకు నమస్కారాలు.

రెండో ప్రపంచయుద్ధం గురించి తెలుగులో ఏ వ్యాసం అచ్చయినా వదలకుండా చదవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. 1940 వేసవిలో జర్మన్ వైమానిక దళాన్ని బ్రిటన్ నిలువరించిన ఘట్టానికి వచ్చేసరికి దాదాపు అన్ని వ్యాసాలూ ఒకే బాట పడతాయి. చర్చిల్ ప్రసంగంతో మొదలై, స్పిట్‌ఫైర్ విమానం గొప్పతనం మీదుగా, ఇరవై ఏళ్ల పైలట్ల ప్రాణత్యాగంతో ముగుస్తాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పైలట్లు ఏ నిమిషంలో నేల విడవాలో, ఏ దిక్కుకు వెళ్లాలో, ఎందరు వెళ్లాలో, ఎందరిని రేపటికి అట్టిపెట్టుకోవాలో చెప్పగలిగిన ఏర్పాటును యుద్ధానికి ముందే కట్టి, దాన్ని స్వదేశపు పెద్దల తొందరపాటు నుంచి కూడా కాపాడిన ఎయిర్ చీఫ్ మార్షల్ హ్యూ డౌడింగ్ పేరు ఆ వ్యాసాల్లో ఒక వాక్యంలో వచ్చి పోతుంది, లేదా అసలే రాదు. ఆ లోటు గురించే ఈ లేఖ.

నేను మన వాయుసేనలో రాడార్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. వెలుతురు తగ్గించిన గదిలో పారదర్శకమైన బోర్డు వెనక నిలబడి, ముందువైపు కూర్చున్న అధికారికి తిన్నగా కనబడేలా అంకెలను తిరగేసి రాయడం నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ని. ఆ పని చేసినవారికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఆకాశంలో ఎగిరేవాడి ధైర్యం ఎంత గొప్పదైనా, కింద గదిలో ఒక అంకె రెండు నిమిషాలు ఆలస్యంగా పడితే ఆ ధైర్యం ఖాళీ ఆకాశంలో తిరిగి, పెట్రోలు అయిపోయి, దిగిపోవలసిందే. డౌడింగ్ జీవితాన్ని నేను ఆ గదిలో నుంచి చూస్తాను. అందుకే ఆయన పేరు వ్యాసంలో లేనప్పుడు పునాది ఊసెత్తకుండా గోపురాన్ని వర్ణించినట్టు అనిపిస్తుంది.

ఆయన 1882లో స్కాట్లాండ్‌లోని మాఫట్ అనే చిన్న ఊళ్లో ఒక బడి నడిపే పంతులుగారి ఇంట పుట్టారు. 1900లో ఫిరంగిదళంలో చేరి జిబ్రాల్టర్, సిలోన్, హాంగ్‌కాంగ్ తిరిగి, ఆ తర్వాత మన దేశంలోనే కొన్నేళ్లు పర్వత ఫిరంగిదళంలో పనిచేశారు. విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు పొందింది 1913 చివర్లో, 31 ఏళ్ల వయసులో. 1915లో బ్రూక్‌లాండ్స్‌లో విమానాలకు వైర్‌లెస్ అమర్చే ప్రయోగాల బాధ్యత చూశారు. పాతికేళ్ల తర్వాత ఆయన గెలిచిన యుద్ధం తీగల మీద, రేడియో తరంగాల మీద నడిచిందని గుర్తుంచుకుంటే ఈ చిన్న ఉద్యోగం చిన్నదిగా కనబడదు.

1916లో సోమ్ యుద్ధం నడుస్తుండగా జరిగిన ఒక ఘటనను మీరు తప్పక రాయాలని నా కోరిక. తన కింద ఉన్న ఒక స్క్వాడ్రన్, అంటే ఒక విమానదళం, వరస నష్టాలతో చితికిపోయి ఉందని, వాళ్లను కొన్నాళ్లు వెనక్కి తీసి విశ్రాంతి ఇవ్వాలని డౌడింగ్ తన పైఅధికారి ట్రెంచర్డ్‌ను అడిగారు. ట్రెంచర్డ్ తర్వాతి కాలంలో బ్రిటిష్ వైమానిక దళానికి పితామహుడనిపించుకున్న మనిషి. ఎడతెగని దాడే సరైన పద్ధతి అని ఆయన నమ్మకం. ఆయన స్క్వాడ్రన్‌ను వెనక్కి తీశారు గానీ డౌడింగ్ మీద మనసు విరిచేసుకున్నారు. డౌడింగ్ ఇంగ్లండ్‌కు బదిలీ అయ్యారు, పదోన్నతి వచ్చింది, కానీ ఆ యుద్ధంలో మళ్లీ సమరరంగానికి పిలుపు రాలేదు. అలసిన మనిషిని అలసినవాడుగా గుర్తించినందుకు చెల్లించిన మూల్యం అది. ఆ గుర్తింపును ఆయన వదులుకోలేదని 1940లో తెలిసింది.

నేను అడుగుతున్నది ఆయనకు పూజ చేయమని కాదు కనుక ఆయన తప్పు కూడా చెబుతాను. 1930 సెప్టెంబరులో ఆయన సరఫరా, పరిశోధన విభాగాల బాధ్యతతో ఎయిర్ కౌన్సిల్ సభ్యుడయ్యారు. కుర్చీలో కూర్చుని నెల తిరిగేసరికి ఆర్ 101 అనే భారీ వాయునౌక కరాచీ ప్రయాణానికి సిద్ధమైంది. పరీక్షలు చాలినన్ని జరగలేదు. మంత్రి లార్డ్ థాంసన్ తొందరలో ఉన్నారు. కొత్తగా వచ్చిన డౌడింగ్ అడ్డుపడలేదు. అక్టోబరు 5 తెల్లవారుజామున ఆ నౌక ఫ్రాన్సులోని బోవే దగ్గర నేలకూలి 48 మంది చనిపోయారు. వాళ్లలో ఆ మంత్రీ ఉన్నారు. ఇంకా పరీక్షలు కావాలని తాను పట్టుబట్టి ఉండవలసిందని డౌడింగ్ తర్వాత ఒప్పుకున్నారు. పదేళ్ల తర్వాత యుద్ధ మంత్రివర్గాన్నే ఎదిరించి ఆయన పట్టిన పట్టును ఈ సంఘటనతో కలిపి చదవమని నా సలహా. ఒకసారి ఊరుకున్నందుకు ఎంత నష్టమైందో ఆయనకు లెక్కతో సహా తెలుసు.

ఆ పదవిలో ఉన్న ఆరేళ్లే ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైనవని నా అభిప్రాయం, అయితే వాటిలో విమానయుద్ధాలేవీ లేవు కాబట్టి రచయితలు వాటిని దాటేస్తారు. కర్రతో, గుడ్డతో చేసిన రెండు రెక్కల విమానాలకు కాలం చెల్లిందని, ఒంటి రెక్కల లోహ విమానాలే దారి అని పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. హరికేన్ 1935 నవంబరు 6న, స్పిట్‌ఫైర్ 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరాయి. మరోవైపు, రేడియో తరంగాలతో విమానం ఉనికిని కనిపెట్టవచ్చని వాట్సన్ వాట్ అనే శాస్త్రవేత్త కాగితం మీద చూపినప్పుడు, అంకెలతో దేన్నయినా నిరూపించవచ్చు, ముందు నాకు కళ్లకు చూపండి, ఆ తర్వాత డబ్బు అడగండి అన్న ధోరణిలో డౌడింగ్ నిలబడ్డారు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర బీబీసీ ప్రసార కేంద్రం తరంగాలను వాడుకుని, ఎగురుతున్న ఒక హేఫర్డ్ బాంబర్‌ను పసిగట్టి చూపించారు. నిధులు వచ్చాయి. అనుమానించి, రుజువు చూసి, ఆపైన వెనకాడకపోవడమనే ఈ వరస నాకు చాలా ఇష్టం. శాస్త్రాన్ని గుడ్డిగా నమ్మినవారికంటే, గుడ్డిగా తోసిపుచ్చినవారికంటే ఆయన దానికి ఎక్కువ మేలు చేశారు.

1936 జులై 14న బ్రిటన్ ఆకాశాన్ని కాచే ఫైటర్ విమానాల విభాగం, ఫైటర్ కమాండ్, ఏర్పడింది. లండన్ శివారు స్టాన్‌మోర్‌లోని బెంట్లీ ప్రయరీ భవనంలో డౌడింగ్ దాని మొదటి అధిపతిగా కూర్చున్నారు. బాంబర్లను ఎవరూ ఆపలేరని, ఎదురు బాంబులు వేయడమే రక్షణ అని రాజకీయ నాయకులు, సైనికాధికారులు అనేకులు నమ్ముతున్న రోజులవి. ఆపవచ్చని ఆయన నమ్మారు. ఎలా ఆపారో తెలుగు పాఠకుడికి వివరంగా చెప్పవలసింది మీరే, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

తీరం పొడవునా చైన్ హోమ్ అనే రాడార్ కేంద్రాలు ఉండేవి. వాటి ఎత్తయిన టవర్లు సముద్రం వైపు మాత్రమే చూడగలవు. శత్రువిమానం తీరం దాటి లోపలికి వచ్చాక దాన్ని కనిపెట్టేది అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద సేవకులు. వీళ్లందరి కబుర్లూ టెలిఫోన్ తీగల మీద చేరతాయి. ఒకే గుంపును రెండు కేంద్రాలు రెండు చోట్ల చూపిస్తే ఏది నిజమో తేల్చడానికి బెంట్లీ ప్రయరీలో ఫిల్టర్ రూమ్ ఉండేది. అక్కడ తేలిన సమాచారం ఒక్కో ప్రాంతాన్ని కాచే గ్రూపులకు, గ్రూపుల నుంచి వాటి కింది చిన్న విభాగాలైన సెక్టార్లకు వెళ్లేది. ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాచిన 11వ గ్రూపు అక్స్‌బ్రిడ్జ్‌లో ఉండేది, దానికి న్యూజిలాండ్‌లో పుట్టిన కీత్ పార్క్ అధిపతి. ఎక్కడి సమాచారమైనా అందరికీ ఒకే రూపంలో, ఒకే కొలతల్లో, నిమిషాల్లో చేరాలన్నదే ఈ అమరికలో ప్రాణం.

ఆ గదుల గోడ మీద ఒక గడియారం ఉండేది. దాని పళ్లెం మీద ఐదేసి నిమిషాలకు ఒక రంగు చొప్పున ఎరుపు, పసుపు, నీలం భాగాలు వరసగా తిరిగి వస్తుంటాయి. పెద్ద ముల్లు ఏ రంగు మీద ఉంటే, ఆ సమయంలో అందిన సమాచారానికి గుర్తుగా బల్ల మీది పటంలో ఆ రంగు బాణాన్నే పెట్టాలి. పొడవాటి కర్రలతో ఆ గుర్తులను జరిపే అమ్మాయిలు మహిళా సహాయక వైమానిక దళానికి చెందినవారు. పై అంతస్తు నుంచి చూసే కంట్రోలర్ ఎవరినీ ఒక్క మాట అడగనక్కర లేదు. ముల్లు నీలం మీద ఉండగా బల్ల మీద ఎర్ర బాణమే మిగిలి ఉందంటే ఆ కబురు పాతబడిందని చూపుతోనే తెలుసుకుంటాడు. మా రోజుల్లో పరికరాలు ఎంతో మారాయి గానీ, ఒక గుర్తుకు ఎంత వయసు వచ్చిందో వెంటనే తెలియాలన్న సూత్రం మారలేదు. ఆ గడియారం బొమ్మ మొదటిసారి చూసిన రోజు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ పెద్దమనిషి పైలట్ల గాజు గురించి కూడా ఆలోచించారు. కాక్‌పిట్ ముందు తూటాలు దూరని గాజు పెట్టాలని ఆయన అడిగితే సమావేశంలో నవ్వారట. షికాగో గూండాల కార్లకు దొరికే గాజు మా పైలట్లకు ఎందుకు దొరకదో నాకు అర్థం కావడం లేదని ఆయన అన్నారు. గాజు వచ్చింది. ముభావంగా ఉండే మనిషి కాబట్టి తోటి అధికారులు ఆయనకు స్టఫీ అని పేరు పెట్టారు. మన భాషలో బిగుసుకుపోయినవాడని అర్థం. 1920లోనే భార్యను పోగొట్టుకున్నారు. ఏకైక కొడుకు డెరెక్ 1940లో ఫైటర్ పైలట్. తన కమాండ్‌లోని కుర్రాళ్లందరికీ రాసిన ఉత్తరంలో ఆయన వాళ్లను నా ప్రియమైన ఫైటర్ అబ్బాయిలారా అని సంబోధించారంటే, ఆ బిగువు వెనక ఏముందో ఊహించవచ్చు.

ఇప్పుడు 1940 మే నెలకు వస్తాను. ఈ లేఖలో నేను మీ నుంచి కోరేది ఒక్కటే అయితే, ఈ భాగం రాయమని కోరతాను. జర్మన్ సేనలు ఫ్రాన్సు రక్షణను చీల్చుకుపోతున్నాయి. మరిన్ని ఫైటర్ స్క్వాడ్రన్లు పంపమని ఫ్రెంచి ప్రధాని రేనో చర్చిల్‌ను వేడుకుంటున్నారు. మిత్రుడు మునిగిపోతుంటే చేయి చాచకుండా ఉండడం ఏ నాయకుడికైనా కష్టమే, చర్చిల్ మనసు అటే మొగ్గింది. మే 15న డౌడింగ్ యుద్ధ మంత్రివర్గం ముందు హాజరై ఫ్రాన్సులో పోతున్న ఫైటర్ల నష్టాల గురించి హెచ్చరించారు. ఆ గదిలో ఎవరు ఏమన్నారో తర్వాత రకరకాలుగా చెప్పుకున్నారు గానీ, మరునాడు మే 16న ఆయన వైమానిక మంత్రిత్వశాఖకు రాసిన ఉత్తరం విషయంలో వాదనకు తావు లేదు. అది కాగితం మీద ఉంది.

పది చిన్న పేరాల ఉత్తరం అది. మన సైన్యాలు ఫ్రాన్సులో ఇంకా గెలుస్తాయని ఆశిస్తున్నానని, అయితే ఓడిపోవచ్చునన్న సంగతిని కూడా ఎదుర్కోక తప్పదని మొదలుపెట్టారు. యూరప్ అంతా జర్మనీ చేతిలో పడినా ఇంగ్లండ్ పోరాడవలసిందేనని అందరూ ఒప్పుకుంటారనుకుంటాను అన్నారు. ఆ పోరాటానికి కనీసం ఎంత బలం కావాలో మీరే చెప్పండి అని అడిగారు. దేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు అవసరమని గతంలో అంచనా వేసింది మీరే, ఇప్పుడు నా దగ్గర మిగిలింది 36 స్క్వాడ్రన్లకు సమానమైన బలం అని గుర్తుచేశారు. గత కొన్ని రోజుల్లోనే పది స్క్వాడ్రన్లకు సమానమైన బలం ఫ్రాన్సుకు పోయిందని, ఎంత పంపితే అంత నష్టం, ఎంత నష్టమైతే అంత ఎక్కువగా ఇంకా పంపమని ఒత్తిడి అని చెప్పారు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఒక్కో మెట్టుకూ చదివేవాడి ఒప్పుకోలు తీసుకుంటూ చివరి పేరాకు నడిపించారు. తగినంత ఫైటర్ బలాన్ని ఇక్కడ అట్టిపెట్టుకుంటే ఒంటరిగానైనా కొంతకాలం, బహుశా ఎంతకాలమైనా, యుద్ధం సాగించగలం. కానీ ఫ్రాన్సులో పరిస్థితిని చక్కదిద్దే తెగింపులో ఈ బలాన్ని ఊడ్చేసుకుంటే ఫ్రాన్సు ఓటమి ఈ దేశానికి కూడా తుది, సంపూర్ణ, కోలుకోలేని ఓటమి అవుతుందన్నది దాని సారాంశం.

ఆ తర్వాత కూడా కొన్ని స్క్వాడ్రన్లు ఫ్రాన్సు ఆకాశంలో పోరాడాయి, కానీ వాటిలో చాలా వాటికి స్థావరం ఇంగ్లండే అయింది, ఉన్నదంతా పారబోసే పని ఆగింది. జులై 10 నుంచి అక్టోబరు 31 దాకా బ్రిటన్ మీద ఆకాశయుద్ధం సాగినప్పుడు ఎగరడానికి విమానాలు ఉండడానికి ఆ ఉత్తరం ఒక ప్రధాన కారణం. చర్చిల్ జూన్, ఆగస్టు ప్రసంగాలు అందరికీ గుర్తున్నాయి. ఆ ప్రసంగాలకు వీలు కల్పించిన ఉత్తరం గురించి తెలుగు వ్యాసాల్లో నాకు కనబడలేదు.

యుద్ధం నడిచినప్పుడు ఆయన చేసిన ముఖ్యమైన పని 1916లో అడిగిన పనే. దెబ్బతిన్న స్క్వాడ్రన్లను ఉత్తరాదికి పంపి, తేరుకున్నవాటిని దక్షిణాదికి తెచ్చారు. సెప్టెంబరు నాటికి అలా మార్చడానికి తాజా స్క్వాడ్రన్లు చాలక, వెనక ఉన్నవాటి నుంచి అనుభవమున్న పైలట్లను మాత్రమే తీసి ముందుకు పంపవలసి వచ్చింది. ఇక 11వ గ్రూపులో పార్క్ చిన్నచిన్న దళాలను త్వరగా పంపితే, 12వ గ్రూపు అధిపతి లీ మాలరీ పెద్ద గుంపులుగా కూర్చి కొట్టాలని వాదించారు. ఈ ఇద్దరి తగవును డౌడింగ్ వేళకు పిలిచి తేల్చలేదు. అది ఆయన నాయకత్వంలో నిజమైన లోపమని నేను ఒప్పుకుంటాను. రాత్రి బాంబుదాడులను ఆపలేకపోయారన్నది రెండో ఆరోపణ. విమానంలో అమర్చే రాడార్ పనికొచ్చే స్థితికి రావాలంటే సమయం కావాలని ఆయన చెప్పింది నిజమే అయినా, లండన్ ప్రతి రాత్రీ తగలబడుతున్నప్పుడు ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు.

యుద్ధం ముగియకముందే ఆయన రిటైర్మెంటు తేదీని పలుమార్లు పెట్టి, పలుమార్లు చివరి క్షణంలో వాయిదా వేశారు. జులై 14 అన్న తేదీ కూడా వాటిలో ఒకటి. అంటే తాను ఈ నెల ఉంటాడో ఉండడో తెలియని మనిషి చేతిలో దేశం బతుకు పెట్టారు. నవంబరు చివరి వారంలో ఆయనను తప్పించి ఆ కుర్చీలో షోల్టో డగ్లస్‌ను కూర్చోబెట్టారు. పార్క్ పదవి డిసెంబరులో పోయింది, అది లీ మాలరీకి దక్కింది. 1941 మార్చిలో మంత్రిత్వశాఖ ఈ యుద్ధం గురించి ప్రజల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో డౌడింగ్ పేరు లేదు. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం కథ చెబుతూ దాన్ని గెలిపించిన నెల్సన్‌ను వదిలేసినట్టుందని చర్చిల్ స్వయంగా మండిపడ్డారు. ఎనభై ఏళ్లకు పైగా గడిచాక మన వ్యాసాలు, తెలియకుండానే, ఆ చిన్న పుస్తకం చేసిన పనే చేస్తున్నాయని చెప్పక తప్పడం లేదు. ఆయనకు 1943లో బారన్ బిరుదు ఇచ్చారు, కానీ వైమానిక దళంలో అన్నిటికంటే పైదైన మార్షల్ ఆఫ్ ద రాయల్ ఎయిర్ ఫోర్స్ హోదా మాత్రం 1970లో మరణించేదాకా ఎన్నడూ ఇవ్వలేదు. అస్థికలు మాత్రం వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉన్నాయి.

సామ్రాజ్యపు అధికారి కథ మనకెందుకని అడిగేవారు ఉంటారు, ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. ఇరాక్‌లో తిరగబడిన తెగలను విమానాలతో బాంబులు వేసి అణచిన కాలంలో డౌడింగ్ అక్కడ ప్రధాన స్టాఫ్ అధికారిగా పనిచేశారు. అది కూడా రాయండి, దాచవద్దు. అయితే ఆ ఆకాశంలో మన సొమ్ము కూడా ఎగిరిందని అదే పేజీలో రాయండి. డౌడింగ్ కమాండ్‌లో 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 253వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. అది ఆగస్టు చివర్లో లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీకి చేరి హరికేన్లతో పార్క్ కింద పోరాడింది. మొదటి యుద్ధంలోనే 110వ స్క్వాడ్రన్ విమానాలకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. నిజాం ఖజానా అంటే తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తే కదా. ఏ ఊరి రైతునూ అడగకుండా ఇచ్చిన ఆ విరాళం న్యాయమైనదా కాదా అన్న చర్చ వేరే జరగాలి. కానీ ఆ విమానాలను ఫ్రాన్సులో పారబోసుకోకుండా నిలబెట్టిన వ్యక్తి పేరు హైదరాబాద్ పాఠకుడికి తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

కాబట్టి నా వినతి ఇది. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ దినంగా పాటించే ప్రతి సెప్టెంబరు 15కు ఆ యుద్ధం మీద మీరు వేసే వ్యాసాల్లో మే 16 నాటి ఉత్తరానికి ఒక పేరా కేటాయించండి. వీలైతే ఆ పది పేరాలనూ పూర్తిగా తెలుగులోకి తెచ్చి వేయండి, అది ఒక పేజీకి మించదు. ఫిల్టర్ రూమ్ పనితీరును, రంగుల గడియారాన్ని ఒక బొమ్మతో చూపించండి, హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. వైమానిక దళ సాంకేతిక పదాలను తెలుగులో ఎలా రాయాలో సందేహం వస్తే నాలాంటి రిటైరైన ఎయిర్‌మన్లు ప్రతి జిల్లాలో ఉన్నారు, అడిగితే ఏ ప్రతిఫలం ఆశించకుండా కూర్చుని చెబుతారు.

ఇట్లు,
వాయుసేన రాడార్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు